నాలుగు వందల పన్నెండు గీతలు

ఎడమ పక్క నుంచి వెలుతురు పడితే తప్ప ఇవి కనపడవు. ఈ ఒక్క ముక్క ఆరు వారాల కిందట తెలిసి ఉంటే ఇవాళ ఈ స్టూలు మీద తేలు కుట్టిన దొంగలా కూర్చునే పని ఉండేది కాదు. మూడు దాటాక ఎండ కిటికీలోకి వాలుతుంది, గోడని రాసుకుంటూ పోతుంది, అప్పుడు తెల్లటి గోడ మీద ఒక్కొక్క గీతా పైకి తేలుతుంది, ఆ మూల నుంచి ఈ మూల దాకా, స్కేలు పెట్టకుండా చేత్తో లాగిన సన్నటి పెన్సిలు గీతలు, పైకప్పు దగ్గర మొదలై నేల దాకా నాలుగు వందల పన్నెండు. ఒకదాని కింద ఒకటి, చిటికెన వేలి గోరంత ఎడం. ఇది గోడమ్మాయి గీసిన గోడ. ఆవిడకి ఆ పేరు నేనే పెట్టుకున్నాను, నా ముందు ఈ గదిలో ఉన్నావిడ. కాదు, ఆవిడ గీసిన గోడ దీని కింద ఉంది, రెండు పూతల తెల్లరంగు కింద, ఇక ఎవరూ చూడలేని చోట. పైన ఉన్నది నేను గీసింది. ఈ సంగతి నాకు తెలుసు, ఫోన్లో విన్న మా ఇంటావిడకి తెలుసు, మూడో మనిషికి తెలీదు. నాలుగింటికి గోడమ్మాయి వస్తోంది. అయిదింటికి అన్ని తలుపులూ తీస్తారు, ఊళ్ళో జనం వచ్చి ఆరు వారాల్లో మేమేం వెలగబెట్టామో గది గదీ తిరిగి చూస్తారు. ఆ గోలకంటే ముందు నా గోడ నేనొకసారి చూసుకుంటానని ఆవిడ ఫోన్ చేసిందట. పొద్దున టీ దగ్గర మేనేజరమ్మ ఆ మాట నాకేదో వరం ఇస్తున్నట్టు చెప్పింది. నేను తలూపి ఇంకో బ్రెడ్డు ముక్క తీసుకున్నాను. తింటున్నంతసేపూ రుచిగానే ఉంది, అదే నాకు ఆశ్చర్యం.

అసలు నేనిక్కడికి రావడమే మా అమ్మాయి పుణ్యం. నేను బోర్డులు రాసేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళు షాపుల నెత్తిన, షట్టర్ల మీద, లారీల వెనక, బడి ప్రహరీల మీద అక్షరాలు రాశాను. ప్లాస్టిక్ గుడ్డ మీద అచ్చు కొట్టే మిషన్లు వచ్చి పని పలచబడింది, ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్న రోజుల్లో మా అమ్మాయి నా పాత బోర్డులన్నీ వెతికి వెతికి ఫోటోలు తీసి, ఏదో ఫారం నింపి ఎక్కడికో పంపింది. రెసిడెన్సీ అంటారట. బొమ్మలేసేవాళ్ళకీ రాళ్ళు చెక్కేవాళ్ళకీ ఆరు వారాలు గది ఇస్తారట, అన్నం పెడతారట, ఏం చేస్తున్నావని ఎవరూ అడగరట. కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద ఉండదే, ఇందులో ఏదో తిరకాసుంది అన్నాను. నువ్వు విజువల్ ఆర్టిస్టువి నాన్నా, నీకే తెలీదు అంది. అంటే ఏంటే అన్నాను. కంటికి కనపడేవి చేసేవాడంది. కనపడనివి చేసేవాళ్ళు కూడా ఉంటారేంటే అని నవ్వాను. ఉంటారు. వాళ్ళ గదే నాకిచ్చారు. వచ్చిన రోజు మబ్బుగా ఉంది, గదిలో వెలుతురు బొత్తిగా లేదు. పెట్టె దింపి చూస్తే ఎదురుగా ఇంత గోడ, అక్కడక్కడా చేతులు తగిలి మాసినట్టు ఏదో మసక. గోడ కనపడితే నా చేతులు ఊరుకోవు. మా గురువు మొదటి రోజు నేర్పింది అదే, గోడని ముందు తుడువు, తుడిచాక తెల్లరంగెయ్యి, ఆ తర్వాత ఆలోచించు అని. వరండాలో రంగు డబ్బాలు ఉన్నాయి, వాడుకోవచ్చని కాగితం అంటించి ఉంది. పొద్దుగూకేలోపు ఒక పూత, మర్నాడు పొద్దున్నే ఇంకో పూత. గోడ ఎంత తెల్లగా వచ్చిందంటే నాకే ముచ్చటేసి మా ఇంటావిడకి ఫోటో పంపాను. చాలా బావుందండీ, దీని మీద ఏం రాస్తారు అని అడిగింది.

చెప్పలేదా అంటే చెప్పారు. నాకు పంపిన ఉత్తరంలో మూడో పేజీలో, అడుగున, చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంది, మీ గదిలో ఉత్తరం గోడ మీద పోయిన ఏడాది చిత్రకారిణి పెన్సిలు పని ఉంది, దయచేసి దాన్ని తాకకండి అని. జన్మంతా మూరెడు అక్షరాలు రాసినవాడు చీమ తలకాయలు చదువుతాడా. ఎనిమిదో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది. మేనేజరమ్మ నా పక్కన కూర్చుని, మీరు అదృష్టవంతులు సార్, ఆ గోడ పక్కన పడుకునే యోగం మీకు దక్కింది, ఆవిడ వెళ్ళాక ఆ వైపు గదులు ఇన్నాళ్ళూ మూసే ఉంచాం, మీకే మొదట ఇచ్చాం అంది. ఏ గోడ అని అడగబోయి నోరు మూసుకున్నాను. మెల్లిగా ఆవిడే అంతా చెప్పింది, మూడు నెలలు కూర్చుని గీసిందని, ఒక్కో గీత పైగీతని చూసుకుంటూ లాగిందని, వెలుతురు పక్క నుంచి పడితే తప్ప కనపడదని. వింటూనే కంచంలోది మొత్తం తిన్నాను. లేచి గదికి వచ్చి తలుపు మీద చెక్కముక్క ఎర్ర వైపుకి తిప్పాను. ఇక్కడ అదొక పద్ధతి, ప్రతి తలుపుకీ ఒక చెక్కముక్క వేలాడుతుంది, పచ్చ వైపు ఉంటే ఎవరైనా లోపలికి రావచ్చు, ఎర్ర వైపు ఉంటే మేనేజరమ్మ కూడా తట్టకూడదు. నిన్నటిదాకా నా చెక్క పచ్చగా తిరగలేదు. పని మీద మనిషికి ఎంత శ్రద్ధో అని అందరికీ నా మీద గౌరవం పెరిగిపోయింది.

పక్క గదిలో సుత్తి ఆగింది. రాళ్ళమ్మ ఊడుస్తున్నట్టుంది, చీపురు చప్పుడు, రాతి పొడి నేల మీద గరగరమంటోంది. ఆవిడ రాళ్ళు చెక్కుతుంది, నా వయసే ఉంటుంది, బక్కపలచటి మనిషి, తన బరువుకి మూడింతలు రాయిని ఒక్కతే దొర్లించుకుంటుంది. నెలరోజులుగా ఆ టకటక వింటూ గీశాను, అది ఆగితే ఇప్పుడు చెవుల్లో ఏదో వెలితి. మూడుంపావు. ఎండ పైనుంచి ముప్పయ్యో గీత దగ్గరుంది. మొదటి రోజుల గీతలు చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, బోర్డు రాసేవాడి గీతలు, బిర్రబిగుసుకుని, ఎవడో పరీక్ష పెట్టినట్టు. వందో గీత దాటాక గానీ చెయ్యి వదులు కాలేదు. ఇలా గీద్దామన్న ఆలోచన మొదట నాకు లేదు, మా ఇంటావిడయితే వెళ్ళి చెప్పేయండి అంది. ఫోన్లో నేను చెప్పింది విని ముందు కిసుక్కున నవ్వింది, తర్వాత అయ్యో పాపం ఆ అమ్మాయి అంది, తర్వాత తాపీగా, వెళ్ళి నిజం చెప్పేయండి, మిమ్మల్నేం ఉరి తియ్యరు అంది. రేపు చెప్తాను అన్నాను. రేపు అన్నది ఎంత పెద్ద ఊరో, అందులో ఎన్ని పనులైనా దాచుకోవచ్చు. మర్నాడు మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళిన మాట నిజం, చెప్పడానికే వెళ్ళిన మాట కూడా నిజం. గుమ్మంలో నిలబడి, అమ్మా ఆ గోడ గురించి అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయి, చూశారా సార్, మీక్కూడా పట్టేసింది కదా అని బీరువాలోంచి ఒక పుస్తకం తీసి చేతిలో పెట్టింది. పోయిన ఏడాది అందరి పనులూ అచ్చేసిన పుస్తకం. అందులో గోడ ఫోటోలు నాలుగున్నాయి. మూడు పైభాగం ముక్కలు, నాలుగోది రెండు పేజీలు కలిపి మొత్తం గోడ. దాన్ని చంకన పెట్టుకుని వస్తూ దారిలోనే అనుకున్నాను, చూసి రాయడం నాకు వచ్చినంత బాగా ఇక్కడ ఇంకెవరికీ రాదని.

ఇదీ నా అహంకారం. ముప్పై నాలుగేళ్ళు ఇతరుల అక్షరాలు చూసి దింపాను. చెయ్యంత కంపెనీ గుర్తుని ఏనుగంత చేసి మేడ మీద ఎక్కించాను, అంచు ఎక్కడా తప్పలేదు. ఎవరి పని అయినా పది నిమిషాలు చూస్తే ఆ చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ కుంచె మళ్ళీ ముంచింది చెప్పేయగలను. కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని ఆ ఫోటోలు చదివాను. చదివానంటే చదవడమే. గోడమ్మాయి గీత ఎడమ నుంచి బయల్దేరేటప్పుడు కాస్త బిడియంగా ఉంటుంది, మూరెడు పోయాక ధైర్యం వస్తుంది, గోడ సగానికి వచ్చేసరికి నడక మారుతుంది ఎందుకంటే మనిషి అడుగు మార్చుకోవాలి, కుడి చివరికి చేరేసరికి ఊపిరి వదిలేసినట్టు తేలికైపోతుంది. నేను కూడా అలాగే నడిచాను. ఊపిరి బిగబట్టి ఎడమ మూల నుంచి బయల్దేరడం, అడుగు మార్చుకోవడం, కుడి మూల చేరి వదలడం. రోజుకి పదిహేను గీతలు, పదహారు. తప్పు చేసినవాడికి నిద్ర పట్టకూడదు కదా, నాకు పడుకోగానే పట్టేసేది. పొద్దున్నే లేచి ముందు పెన్సిలు చెక్కేవాణ్ణి, ఆ చెక్కపొట్టు వాసన, కిటికీ అవతల ఎవరో కుళాయి కింద బకెట్టు పెట్టిన చప్పుడు, ఇవాళ నేను చెయ్యాల్సిందల్లా పన్నెండడుగులు నడవడం, మళ్ళీ మొదటికి రావడం. బోర్డు రాసేటప్పుడు ఎప్పుడూ కింద ఒకడు నిలబడి ఉంటాడు, తొందరగా కానీ అనో, ఎరుపు ఇంకాస్త వెయ్యి అనో. ఇక్కడ ఎవరూ లేరు. నేనూ, ఏడాది కిందట ఇదే చోట నిలబడిన ఒక అమ్మాయి నడక. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఇంత సుఖం నా జన్మలో ఎరగను. ఒకటి పాడుచేసి దాని మీద కూర్చుని సుఖపడుతున్నానని తెలుసు. రెండూ ఒకే కడుపులో పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి ఏమీ అనుకోలేదు.

మూడున్నర. ఎండ సగం గోడ దిగింది. రెండొందల దగ్గర గీతలు నాకు ఇష్టం, అవి సరిగ్గా నా ఛాతీ ఎత్తులో ఉన్నాయి, చెయ్యి చాపినట్టు గీశాను. మా ఇంటావిడని మొదటిసారి చూసింది నిచ్చెన మీద నుంచి. వాళ్ళ నాన్నగారి మందుల షాపు బోర్డు రాస్తున్నాను, కింద నేల వాలుగా ఉంది, నిచ్చెన ఊగుతోంది, ఎవరో వచ్చి గట్టిగా పట్టుకున్నారు. కిందికి చూడలేదు, రాస్తున్న అక్షరం మధ్యలో ఎవడు చూస్తాడు. మొత్తం వరస పూర్తయ్యాక చూస్తే రెండు జడల పిల్ల, గంటన్నర నుంచి పట్టుకునే ఉందట. ఎందుకమ్మా అంతసేపు అంటే, మీరు పడితే మా బోర్డు సగంలో ఆగిపోతుంది కదా అంది. ఆ మాటకే పడిపోయాను. ఇప్పుడు అయిదున్నర బస్సుకి అమ్మాయితో కలిసి వస్తోంది, ఆరువారాలు ఏం చేశారో చూపించండి అంటుంది, తెలిసీ అడుగుతుంది. అమ్మాయికి తెలీదు. నా బొమ్మ ఏదీ అంటే ఏం చూపించను. రాళ్ళమ్మకి మూడు రాళ్ళున్నాయి. ఆ చివరి గదిలో బొగ్గుతో బొమ్మలేసే కుర్రాడికి నలభై కాగితాలున్నాయి. నా గదిలో ఒక గోడ, అదీ వేరే వాళ్ళది. రాళ్ళమ్మ ఒకరోజు భోజనాల దగ్గర నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, మాస్టారూ, చిటికెన వేలి పక్కన ఇంత నల్లగా ఉంది, బొమ్మ మాత్రం ఒక్కటీ బయటికి రాదేంటి అంది. అంత పెద్దది తలుపులోంచి పట్టదండీ అన్నాను. నవ్వింది కానీ అనుమానంగానే నవ్వింది. మూడు వందలు దాటి గీతలు నడుము కిందికి వచ్చాక నేను కుంటుతుంటే చూసి, ఏమీ అడక్కుండా తన మోకాళ్ళ మెత్తలు తెచ్చి తలుపు బయట పెట్టి పోయింది. ఎర్రచెక్కని గౌరవించింది. చివరి వంద గీతలు ఆ మెత్తల మీద దేకుతూ గీశాను.

దేకుతూ గీసేటప్పుడు తమాషా ఏంటంటే మొత్తం కనపడదు, ముక్కు ముందున్న జానెడే కనపడుతుంది. అక్కడ ఫోటో కూడా నాకు సరిగ్గా సహకరించలేదు. మొత్తం గోడ ఉన్నది ఆ ఒక్క ఫోటోలోనే, రెండు పేజీల మీద పరిచినది, మధ్యలో పుస్తకం కుట్టు. అడుగున చివరి ఏడెనిమిది గీతలు ఆ కుట్టు దగ్గరికి వచ్చేసరికి చిన్నగా పైకి లేచి మళ్ళీ దిగుతున్నాయి, చాప కింద గోళీ ఉన్నట్టు. పేజీ ఉబ్బింది, కుట్టు దగ్గర కాగితం అలా లేస్తుంది, ఎన్ని కేటలాగులు చూసి బోర్డులు రాయలేదూ నేను. బరువైన డిక్షనరీ పెట్టి నొక్కినా ఆ ఉబ్బు పోలేదు. సరే, కాగితం తప్పు గోడ మీద ఎందుకు వెయ్యాలని ఆ ఏడెనిమిది గీతలూ సాపుగా లాగేశాను. చక్కగా వచ్చాయి. నిజం చెప్పాలంటే మొత్తం గోడలో అవే నాకు గర్వంగా ఉన్నవి, యాభై తొమ్మిదేళ్ళ మోకాళ్ళ మీద దేకుతూ అంత తిన్నటి గీత. వరస వంగితే షాపువాడు ఊరుకున్నా నేను ఊరుకోను, నాకు ముందు నుంచీ అదొక జబ్బు.

నాలుగుకి పది నిమిషాలు. ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. రండమ్మా కూర్చోండి, ఒక మాట చెప్పాలి, ఇది ఒకటి. చూడండమ్మా మీ గోడ, ఇది రెండోది, అబద్ధం కూడా కాదు, నిజం కూడా కాదు. మూడోది, ఏమీ అనకుండా వరండాలోకి వెళ్ళి నిలబడటం. నాలుగోది, కడుపులో నొప్పని పడుకోవడం. నిజానికి ఆవిడ పోల్చుకోదనే నాకు నమ్మకం, అదే నా భయం కూడా. పోల్చుకుంటే పట్టుబడతాను, ఒక గంట అవమానం, మేనేజరమ్మ కళ్ళల్లోకి చూడలేను, పుస్తకంలో నా పేరు ఎలాగూ వెయ్యరు, అయిపోతుంది. పోల్చుకోకపోతే ఈ గోడ ఎప్పటికీ ఆవిడదే, నేను గీసినది ఆవిడ ఖాతాలో, ఆవిడ గీసినది నా రంగు కింద, ఎవరిది వాళ్ళకి దక్కకుండా. ఎండ గోడ అడుగు దాకా వచ్చేసింది. ఎంత బావుందో. ఇంత బావున్నదాన్ని ఒక పూటలో తుడిచేసినవాణ్ణి నేనే కదా, ఎలా గీసిందో నా చేత్తో నేర్చుకున్నాక ఆ సంగతి ఇంకా బాగా తెలుస్తోంది. వరండాలో చెప్పుల చప్పుడు. తలుపు మీద రెండు వేళ్ళతో తట్టారు, చెక్క పచ్చగా ఉంది కాబట్టి తట్టొచ్చు.

మా అమ్మాయి ఈడుది. ఒక భుజాన సంచీ, ఇంకో వైపు చంకలో చంటిది, ఆరేడు నెలలుంటాయేమో, గుండ్రటి కళ్ళేసుకుని నన్నూ, స్టూలునీ, కిటికీనీ వరసగా చూసింది. చంటిపిల్లతో వస్తుందని నాకెవరూ చెప్పలేదు. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానండీ, అయిదు నిమిషాల్లో వెళ్ళిపోతాం అంది. ఇబ్బందేముందమ్మా అన్నాను, నాలుగు రకాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఆవిడ గుమ్మంలో ఒక్క క్షణం ఆగి గోడని చూసి, కనుబొమలు కొంచెం దగ్గరికి తెచ్చి, నేరుగా గోడ మధ్యకి నడిచి నేల మీద కూలబడింది. పిల్లని ఒళ్ళో గోడ వైపు తిప్పి కూర్చోబెట్టుకుంది. వేలు గోడకి తగలకుండా అడుగు గీతల మీదుగా నెమ్మదిగా పోనిచ్చింది. చూడమ్మా, ఇదిగో, ఇక్కడే నువ్వు, అని ఆగిపోయింది. కుడి వైపుకి జరిగింది, మళ్ళీ ఎడమకి జరిగింది, తల వంచి చెంప గోడకి ఆనేంత దగ్గరగా పెట్టి చూసింది. పిల్ల గోడని గోకుతోంది.

"ఏం వెతుకుతున్నారమ్మా?"

"ఒక వంకరండీ. కింది నుంచి ఏడో గీత. ఇది కడుపులో ఉన్నప్పుడు మొదటిసారి తన్నింది ఇక్కడ కూర్చుని గీస్తుంటేనే. చెయ్యి ఎగిరిపడింది. చెరపబుద్ధి కాలేదు, కింది గీతలన్నీ ఆ వంకర పట్టుకునే గీశాను. దీనికి చూపిద్దామని తీసుకొచ్చా." మళ్ళీ ఒకసారి వేలు పోనిచ్చింది. "నేనే చోటు మర్చిపోయినట్టున్నాను."

అంతే, గండం గడిచిపోయింది. అవునమ్మా, పసిపిల్లతో అలసట, మర్చిపోయి ఉంటారు అంటే చాలు, ఆవిడ లేచి వెళ్ళిపోతుంది, ఇంటికి పోయాక అసలా వంకర ఉందో లేదో, ఆ రోజు పిల్ల తన్నిందో లేదో అని తన మీద తనే అనుమానపడుతుంది. నాలుగు వందల అయిదు గీతలకి నోరు విప్పని వాణ్ణి, ఆ ఏడు గీతలకి ఆగలేకపోయాను.

"చోటు మర్చిపోలేదమ్మా. అక్కడే ఉండేది. పుస్తకం కుట్టు దగ్గర పేజీ ఉబ్బిందనుకుని నేనే సాపు చేశాను."

"పుస్తకమేంటండీ?"

"మీ ఫోటోల పుస్తకం. అందులో చూసి గీశాను."

"ఎదురుగా గోడ ఉండగా పుస్తకంలో చూడటమేంటి?"

"గోడ మీద చూడలేదమ్మా. చూడకుండానే తెల్లరంగు వేసేశాను."

ఆవిడ లేవలేదు. తల పైకెత్తి పైకప్పు దగ్గర మొదటి గీత నుంచి మెల్లిగా కిందికి చూసుకుంటూ వచ్చింది, నా గీతలని, తన నడకని. మొహం ఎర్రబడింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపం ముక్కు దాకా వచ్చి నిలబడింది, నేను చూశాను, రానీ అనుకున్నాను. ఎప్పుడేశాను, ఎన్ని పూతలు, ఎప్పుడు తెలిసింది, ఎందుకు దాచాను, నిలబడి అంతా చెప్పాను, ఒక్క ముక్క మింగలేదు. సుఖంగా ఉన్న సంగతి కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలీదు, అది దాచుకుంటే మిగిలినదంతా సగం అబద్ధం అవుతుందనిపించింది. మొత్తం నాలుగు వందల పన్నెండూ నేనేనమ్మా అన్నాను. నేనెప్పుడూ లెక్కపెట్టలేదండీ అంది. తర్వాత ముక్కు తుడుచుకుని, ఏ పెన్సిలు అని అడిగింది.

"ఫోర్ హెచ్."

"నాది సిక్స్ హెచ్, ఇంకా లేతగా పడుతుంది. అందుకే గుమ్మంలోంచే కనపడింది. ఇంత ముదురుగా గీశానా అనుకున్నా." పిల్లని ఎత్తి నా వైపు చాచింది. "పట్టుకోండి. రబ్బరుందా?"

పట్టుకున్నాను. ఎన్నాళ్ళయిందో ఇంత చిన్నది ఎత్తుకుని, మా అమ్మాయే చివరిది. ఏం బరువు లేదు, వెచ్చగా ఉంది, పాల వాసన. వెంటనే నా మీసం పట్టుకుంది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని అడుగు ఏడు గీతల్నీ మధ్యలో మూరెడు మేర చెరిపేసింది, రబ్బరు పొట్టు అరచేత్తో తుడిచింది, నా పెన్సిలు తీసుకుని మొన చూసింది, బాగా చెక్కారంది, ఆ మాట నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అప్పుడు నా వైపు తిరక్కుండానే, ఆ రోజు అది ఎప్పుడు తంతుందో తెలీకుండా గీస్తున్నానండీ, ఇప్పుడు కావాలని వంచితే అది వేరేదైపోతుంది, నేను గీస్తూ ఉంటాను, అది తన్నగానే చెప్పండి అంది. చెప్తానమ్మా అన్నాను. వరండాలో మేనేజరమ్మ గొంతు, జనం గొంతులు, అయిదు కాకుండానే వచ్చేసినట్టున్నారు, రాళ్ళమ్మ తలుపు తీసిన చప్పుడు. గోడమ్మాయి ఊపిరి బిగబట్టింది. పెన్సిలు చెరిపిన మేరకి ఎడమ అంచు నుంచి బయల్దేరింది, బిడియంగా, నాకు తెలిసిన నడకే, మొట్టమొదటిసారి నా కళ్ళ ముందు. చంటిది మాత్రం మీసం వదిలేసి నా భుజం మీద తల వాల్చి, కాళ్ళు రెండూ వేలాడేసి, హాయిగా గోడ వంక చూస్తోంది. పెన్సిలు మూరలో సగం దాటింది. తన్నవే తల్లీ, నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి తన్ను, గట్టిగా తన్ను అని దాని చెవిలో బతిమాలుతున్నాను.